నాలుగో నంబరు మూత్రాశయం

మా ఆఫీసులో ముప్ఫై రెండేళ్ళు పనిచేశాను. ఈ ముప్ఫై రెండేళ్ళలో ఎవరి అర్జీనీ కాదనలేదు. అలాగని అవుననీ అనలేదు. కాదంటే శత్రువులు పుడతారు, అవునంటే ఆడిట్ అభ్యంతరాలు పుడతాయి. అందుకని రెండింటికీ నడిమధ్య గోడవారగా కూర్చుని, వచ్చిన ప్రతి కాగితాన్నీ ఇంకొంచెం పైకి తోసి, మధ్యాహ్నం పెరుగన్నం తిని, అలా అలా సూపరింటెండెంటునయ్యాను. నా పేరు గుడిమెట్ల పరబ్రహ్మం. పేరుకు తగ్గట్టు అన్నిట్లోనూ ఉంటాను, దేనికీ అంటుకోను.

మాది ప్రాచీన పత్రాల పునఃపరిశీలన శాఖ, ప్రాంతీయ కార్యాలయం, కాకినాడ. పాత కాగితాలు తీసి చూసి, అవి పాతవేనని రాసి, మళ్ళీ కట్ట కట్టి అటకెక్కించడం మా పని. దానికి డెబ్బై ఇద్దరం ఉన్నాం. పని తక్కువైందని ఎవరూ అనకుండా, ఆ కట్టల్ని ఐదేళ్ళకోసారి మళ్ళీ దింపుతాం.

అలా దింపుతూనే మా జూనియర్ అసిస్టెంట్ యేసురత్నం నిచ్చెన మీంచి పడ్డాడు. అరవై రెండో సంవత్సరం కట్ట కావాలని పైకెక్కించింది నేనే. నిచ్చెన మెట్టు విరిగింది, వాడి వెన్ను విరిగింది. ఆ కట్ట అక్కర్లేదని మర్నాడు తెలిసింది. ఆరు నెలల తర్వాత చక్రాల కుర్చీలో డ్యూటీకి వచ్చాడు. నడుం కింద స్పర్శ లేదు. చేతులూ తెలివీ మునుపటిలాగే ఉన్నాయి, పైగా కుర్చీలోంచి లేవలేడు కాబట్టి మా అందరికంటే ఎక్కువ పని చేసేవాడు. వాడి కుర్చీ ఎక్కడానికి మెట్ల పక్కన ఏటవాలు దారి కట్టాలని ఒక ఫైలు నడుస్తోంది. ఈలోగా అటెండరు మంగాయమ్మా ఇంకొకరూ కలిసి కుర్చీతో సహా ఎత్తి లోపల దింపేవారు.

కిందటేడు ఆగస్టులో యేసురత్నం నా బల్ల దగ్గరికి వచ్చి ఒక అర్జీ ఇచ్చాడు. జనరల్ ఆస్పత్రి డాక్టరు చీటీ కూడా జతపరిచాడు. ఏంటిదని అడిగితే నెమ్మదిగా చెప్పాడు.

"ఉచ్చ సంచి నిండినట్టు నాకు తెలవదు కదండీ. అక్కడ నరం చెప్తానే ఉంటదంటండి, నిండింది నిండిందని. మధ్యలో తెగిపోయింది కాబట్టి ఆ కబురు తలకాయ దాకా రాదంటండి. మన ఫైళ్ళ లాగేనండి." తలొంచుకుని నవ్వాడు. "ఆ కబురుని అక్కడికక్కడే పట్టుకుని ఎంత నిండిందో చెప్పే బెల్టు వచ్చిందంటండి. నేనిప్పుడు గడియారం చూసి గొట్టం పెట్టి తీసుకుంటన్నానండి. ఒక్కోసారి ఆలస్యమైపోతే నిండి ఎనక్కి తన్నేస్తందండి. ఇలాగే ఉంటే కిడ్నీలు పోతాయన్నారండి డాక్టరుగారు."

చాలా బాధేసింది. బాధేసినప్పుడు నేను చేసేది ఒక్కటే, నోటు రాయడం. అలవాటైన చెయ్యి కాబట్టి దానంతటదే రాసుకుపోయింది: "ఒకరికి మంజూరు చేసినచో తక్కిన సిబ్బంది కూడా కోరు అవకాశం కలదు. కావున సదరు పరికరము తక్కిన సిబ్బందికి ఏ మేరకు ఉపయోగపడునో పరిశీలించి తగు ఉత్తర్వులు ఇచ్చు నిమిత్తం సమర్పించడమైనది." నా సర్వీసులో నా నోటు ఆఖరి వాక్యం దాకా చదివిన అధికారి లేడు. ఆ ధైర్యంతోనే ఆఖరి వాక్యంలో ఏదో ఒకటి రాసేవాణ్ణి. నా ఖర్మ కాలి ఈసారి చదివాడు.

ఆయన మా కొత్త డైరెక్టరు మహీధర్ గారు. డేటాతో పరిపాలన అనే అంశం మీద ఏదో చల్లటి కొండల్లో మూడు రోజులు శిక్షణ పొంది అప్పుడే దిగారు. ఇంకా చలికోటు విప్పలేదు.

ఇక్కడ మా ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి. పని వేళల్లో ఎవరైనా చిటికెన వేలు చూపించి లేస్తే నలభై నిమిషాల వరకూ ఎక్కడికని ఎవరూ అడగరు. ఆ వేలికి గేటు అవతల సత్తిరాజు టీ బడ్డీ దాకా చెల్లుబాటు ఉంది. పెళ్ళి సంబంధాలు, చీటీ పాటలు, బదిలీల కబుర్లు అన్నీ ఆ వేలి మీదే నడిచేవి. నాకు షుగర్ ఉంది కాబట్టి నా వేలికి ఇంకో పది నిమిషాలు అదనం.

డైరెక్టరు గారు నన్ను పిలిపించి నా నోటు మీద వేలు పెట్టి, "పరబ్రహ్మం గారూ, అద్భుతం" అన్నారు. ఆ మాట నేను ఆఫీసులో వినడం అదే మొదలు. మనిషి అబద్ధం చెబుతాడనీ, వేలు అబద్ధం చెబుతుందనీ, నరం మాత్రం అబద్ధం చెప్పదనీ సెలవిచ్చారు. సిబ్బంది అందరికీ బెల్టులు కట్టి, నరాల సంకేతాలను ఒక తెర మీదికి రప్పిస్తే, ఎవరు నిజంగా వెళ్ళాలో ఎవరు టీకి వెళ్తున్నారో తేలిపోతుందన్నారు. ఇది దేశంలో ఎక్కడా లేదన్నారు. ఎందుకు లేదో నేను అడగలేదు. చిత్తం అన్నాను. పథకానికి మంచి పేరు పెట్టమంటే, మొదటిసారి మెప్పు పొందిన వాడికి బుర్ర ఎలా పనిచేస్తుందో అలా పనిచేసి, సమగ్ర మూత్రాశయ సంయమన పథకం అని పెట్టాను. నిజం చెప్పొద్దూ, ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా రెండుసార్లు చదివి వినిపించాను. ఆవిడ పప్పు కలుపుతూ మీకేమైనా జబ్బా అని అడిగింది.

రెండు నెలల్లో బెల్టులు వచ్చాయి. హాలు గోడకి పెద్ద తెర బిగించారు. దాని మీద సీనియారిటీ ప్రకారం పేర్లు, పేరు పక్కన శాతం. మొదటి పేరు డైరెక్టరు గారిది. ఆయన మూత్రాశయం రహస్య స్వభావం గలది కాబట్టి అక్కడ ఒక గీత మాత్రం ఉండేది. తర్వాత ఇద్దరు డిప్యూటీలు, నాలుగో నంబరు నేను. మరుగుదొడ్డి తలుపుకి కరెంటు తాళం పెట్టారు. డెబ్బై శాతం నిండితే గానీ అది తెరుచుకోదు.

నియమావళి నేనే రాశాను. పన్నెండు పేజీలు వచ్చింది. ఒకే సమయంలో ఇద్దరికి డెబ్బై దాటితే ఎవరు ముందు అన్న సమస్య వస్తే, సర్వీసు నిబంధనలు తిరగేసి సీనియరే ముందని తేల్చాను. పర్యవసానంగా టైపిస్టులు తొంభై ఐదు శాతంతో గోడకి ఆనుకుని నిలబడితే, డిప్యూటీ డైరెక్టరు డెబ్బై ఒకటితో పేపరు పట్టుకుని లోపలికి వెళ్ళేవాడు. డెబ్బై దాటాక పది నిమిషాల్లో వెళ్ళనివారికి సంజాయిషీ మెమో. "తమ మూత్రాశయము విధి నిర్వహణకు సిద్ధముగా ఉన్నప్పటికీ తాము ఉద్దేశపూర్వకముగా ఉపేక్షించినట్లు తెర సాక్ష్యమిచ్చుచున్నది" అని ఒక గుమస్తాకి నేనే సంతకం చేసి పంపాను.

మావాళ్ళు తక్కువ తిన్నవాళ్ళు కాదు. డెబ్బై దాటితేనే సీటు వదలొచ్చు కాబట్టి, వారం తిరక్కుండా అందరి బల్లల మీదా రెండేసి లీటర్ల సీసాలు వెలిశాయి. ఒక్క కప్పు టీ కోసం పొద్దుటి నుంచీ నీళ్ళు తాగేవారు. తీరా నిండాక టీకి పోయే ఓపిక ఎవరికీ ఉండేది కాదు, ఉన్న రెండు మరుగుదొడ్ల ముందు వరసలో నిలబడటానికే సరిపోయేది. టీ బడ్డీ సత్తిరాజు నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు. మధ్యాహ్నానికల్లా టాంకు ఖాళీ. పథకం వల్ల సిబ్బందిలో జలపానం మూడు రెట్లు పెరిగి ఆరోగ్యం మెరుగుపడిందని డైరెక్టరు గారు పైకి నివేదిక పంపారు. అది కూడా నేనే రాశాను.

మంగాయమ్మ ఒకరోజు నా బల్ల తుడుస్తూ అంది. "ఇదివరకు తాళంచెవి నా బొడ్లో ఉండేదండి బాబుగారూ. మొగం చూసి ఇచ్చేసేదాన్నండి. ఇప్పుడు మొగం ఎవరు చూత్తారండి?"

నేను ఫైల్లో తలదూర్చాను. ఆవిడతో వాదించే స్థితిలో లేను, ఎందుకంటే నా సంగతి నాకే తెలుసు. నా బెల్టు ముప్ఫై శాతం దాటేది కాదు. నాకు లోపల ప్రళయం వస్తున్నా తెర మీద పరబ్రహ్మం ఇరవై ఎనిమిది. కంపెనీ ఇంజినీరు వచ్చి నా పొట్ట మీద రెండు చోట్ల నొక్కి చూసి, నరాలు బాగానే మాట్లాడుతున్నాయి సార్, గోడే మందం అన్నాడు. మధ్యాహ్నం పెరుగన్నాలన్నీ అక్కడ పేరుకుని ఉన్నాయి మరి. మినహాయింపు కోరదామంటే, ఎవరికీ మినహాయింపు లేదని ఏడో పేజీలో రాసింది నేనే. అంచేత ఉచ్చ వచ్చినప్పుడల్లా పూటసెలవు పెట్టి ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆ ఏడాది నా క్యాజువల్ సెలవులన్నీ అలా పారిపోయాయి.

ఎవరికీ మినహాయింపు లేదన్నాను గానీ ఒకరికి ఉంది. దివ్యాంగ ఉద్యోగిని ఇంత కఠిన నియమానికి కట్టిపడెయ్యడం అమానుషమని డైరెక్టరు గారు చలించిపోయి, మానవతా దృక్పథంతో యేసురత్నాన్ని పథకం నుంచి తప్పించారు. డెబ్బై ఒక్క బెల్టులే వచ్చాయి. తన అర్జీ ఏమైందని వాడు అడిగితే ఫైలు తీసి చూపించాను. పరికరం శాఖ మొత్తానికి మంజూరైనందున వ్యక్తిగత అర్జీ ఉనికి కోల్పోయినట్లు భావించి మూసివేయడమైనది అని ఉంది. కింద నా పొట్టి సంతకం. నిన్ను ఎవరూ ఏమీ అనకుండా మినహాయించారయ్యా, అదృష్టవంతుడివి అన్నాను. వాడు నా నడుం చుట్టూ ఉన్న బెల్టు వైపు చూశాడు. తర్వాత కుర్చీ తిప్పుకుని సీటుకి వెళ్ళిపోయాడు.

డిసెంబరులో యేసురత్నానికి చలిజ్వరం వచ్చింది. మూడు రోజులైనా తగ్గకపోతే ఆస్పత్రిలో చేర్చారు. పదకొండు రోజులున్నాడు. ఆఫీసు తరఫున పళ్ళు పట్టుకుని నేను వెళ్ళాను. కుడి కిడ్నీ పోయిందని డాక్టరు చెప్పాడు. మూత్రం నిండిపోయి వెనక్కి తన్ని, పుండు పడి, పనికిరాకుండా పోయిందట. రెండోదాన్నైనా కాపాడుకోండి అన్నాడు.

యేసురత్నం నన్ను చూసి లేవబోయాడు, లేవలేడని మర్చిపోయి. పక్కనే స్టూలు మీద వాడి భార్య సువార్త కూర్చుని ఉంది. నేను తెచ్చిన పళ్ళు తీసుకుని మంచం కింద పెట్టి, నా నడుం చూసింది.

"ఆ బెల్టు అందరికీ ఇచ్చేరంట కదండీ. మా ఆయన అడిగితేనే కదండీ వచ్చింది. మా ఆయనకే లేదాండీ?"

గొంతు పెంచలేదు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఊరుకోవే అని యేసురత్నం అంటుంటే నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. బుద్ధి పుట్టాక అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. కర్టెన్ లాగి, చొక్కా పైకెత్తి, బెల్టు విప్పి వాడికి కట్టాను. నాకు పొట్ట మీద ఎక్కడ కట్టినా పలకని యంత్రం, వాడి బక్క నడుం మీద పెట్టిన అరనిమిషానికి గుర్రుమంది. దాని మీది చిన్న అద్దంలో అరవై ఆరు. సువార్త ఆ అంకె చూసి గబగబా గొట్టం తీసింది.

అప్పట్నుంచి నాలుగో నంబరు మూత్రాశయం యేసురత్నానిది. మా ఇద్దరికీ, సువార్తకీ తప్ప ఎవరికీ తెలియదు. వాడు చొక్కా కింద కట్టుకుని సీట్లో కూర్చునేవాడు, బెల్టు కదలగానే కట్టల గది చాటుకి వెళ్ళి గొట్టం పెట్టుకుని వచ్చేవాడు. జ్వరాలు ఆగాయి. ఫిబ్రవరికల్లా మొహంలో కళ వచ్చింది. చిక్కల్లా నాకు. తెర మీద నా పేరు పక్కన డెబ్బై పడేది వాడి సంచి నిండినప్పుడు, నా సంచి నిండినప్పుడు కాదు. తలుపు తెరుచుకున్నప్పుడు నాకు రాదు, వచ్చినప్పుడు తెరుచుకోదు. వాడు గ్లాసు మజ్జిగ తాగితే నేను ఆశగా తెర వైపు చూసేవాణ్ణి. ఇంకొంచెం తాగవోయ్ అని బతిమాలిన రోజులున్నాయి. పరబ్రహ్మం అనే వాడు తన ఉచ్చకు తాను జూనియర్ అసిస్టెంటు దయ మీద ఆధారపడ్డాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

దీని మీద ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. గొట్టంతో తీస్తే సంచి పూర్తిగా ఖాళీ అవుతుంది. తెర మీద నా అంకె డెబ్బై నుంచి సూటిగా సున్నాకి పడేది. తక్కిన వాళ్ళందరికీ ఎంతో కొంత మిగిలేది. మూడు నెలల లెక్కలు చూసి డైరెక్టరు గారు నిర్ఘాంతపోయారు. అరవై దాటిన మనిషి, షుగర్ రోగి, సమయపాలనలో ఒక్క తేడా లేదు, మిగులు సున్నా. ఆదర్శ మూత్రాశయ పురస్కారం ప్రకటించి, శాఖా దినోత్సవం నాడు ప్రదానం చేస్తామన్నారు. వద్దు మహాప్రభో అని చెప్పబోతే నా వినయాన్ని కూడా మెచ్చుకున్నారు.

ఆరోజు అద్దె హాల్లో వేదిక కట్టారు. వెనక నా ఒక్కడి అంకె చూపించే నిలువెత్తు తెర. యేసురత్నం కుర్చీ ఆఖరి వరసలో. పొద్దున్నే కంగారులో మూడు గ్లాసులు మజ్జిగ తాగాను, నాలుగు ఉపన్యాసాలు ఉంటాయని మర్చిపోయాను. రెండో ఉపన్యాసానికి కాళ్ళు పెనవేశాను. మూడోదానికి చెమట పట్టింది. డైరెక్టరు గారు నన్ను పక్కన నిలబెట్టి, తడి గులాబీల దండ వేసి, మైకు అందుకున్నారు.

"గమనించండి. వయోభారం ఉన్నది. వేదిక ఒత్తిడి ఉన్నది. అయినప్పటికీ ఆరు శాతం. ఇది శరీరం కాదు, ఒక పరిపాలనా విధానం."

ఆఖరి వరసలో ఆ ఆరు శాతం వాడు నా మొహం చూసి సంగతి గ్రహించి, గబగబా సీసా ఎత్తి నీళ్ళు తాగడం నాకు కనిపించింది. వాడు మాత్రం ఏం చెయ్యగలడు, సంచి నిండటానికి గంటన్నా పడుతుంది. నేను చిటికెన వేలు చూపించాను. ఈ విజయం ఒక్కరిది కాదని పరబ్రహ్మం గారు వేలెత్తి సూచిస్తున్నారని డైరెక్టరు గారు సభకు వివరించారు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నా వల్ల కాలేదు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో నేను ఆపకుండా పంపించినది అదొక్కటే.

మహీధర్ గారు కింద చూశారు. తెర చూశారు. మళ్ళీ కింద చూశారు. తెర మీద ఆరు శాతం అలాగే ఉంది. మైకు చేత్తో మూసి నా చెవిలో, "కంగారుపడకండి, రికార్డు ప్రకారం ఏమీ జరగలేదు" అన్నారు. మైకు మీద చెయ్యి తీసి, పూలదండకి నీళ్ళు కాస్త ఎక్కువ చల్లారని సభకు క్షమాపణ చెప్పారు. మంగాయమ్మ గుడ్డ పట్టుకొచ్చి తుడిచి, వాసన చూసి, నా మొహం చూసి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన గదిలోకి వెళ్ళి జరిగినదంతా చెప్పేశాను. నాకు శిక్ష వేసినా పర్వాలేదు, ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నాను, ఆ బెల్టు మాత్రం యేసురత్నం పేరున మార్చండి అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని తీర్పు చెప్పారు.

"బెల్టు మీ పేరున ఉంది. మీ పేరున ఉన్న మూత్రాశయం చక్కగా పనిచేస్తున్నది. అది ఎవరి శరీరంలో ఉన్నదనే విషయం ఈ శాఖ పరిధిలోకి రాదు."

మరి నేను రిటైరయ్యాక అని అడిగాను. రిటైరైన రోజు బెల్టు స్వాధీనం చెయ్యాలన్నారు. యేసురత్నానికి ఇవ్వాలంటే ముందు వాడి మినహాయింపు రద్దు చెయ్యాలట. మానవతా దృక్పథాన్ని రద్దు చేశారని పేపర్లో వస్తే శాఖ పరువేం కావాలన్నారు. ఈ విషయం పైవాళ్ళ పరిశీలనకు నోటు పెట్టమన్నారు.

నోటు పెడితే ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాడు ఈ జిల్లాలో లేడు. ఉన్న ఒక్క కిడ్నీ రెండు నెలల తర్వాత ఎన్నాళ్ళు నిలుస్తుంది? అందుకని జన్మలో మొదటిసారి, ఒక పని ఎలా ఆపాలా అని కాకుండా ఎలా చెయ్యాలా అని నిబంధనల పుస్తకం తెరిచాను. నాలుగు రోజులు చదివాను. ఐదో రోజు దొరికింది. విధి నిర్వహణలో గాయపడిన ఉద్యోగికి అవసరమయ్యే వైద్య పరికరాన్ని, ప్రభుత్వ వైద్యుని చీటీ ఆధారంగా, సంబంధిత సూపరింటెండెంటు స్వయంగా మంజూరు చేయవచ్చు, పై అనుమతి అవసరం లేదు. మళ్ళీ చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. మారలేదు. ఆ వాక్యం కింద పెన్సిలు గీత కూడా ఉంది. డిపార్ట్‌మెంటు పరీక్షకి చదివినప్పుడు నేనే గీసుకున్నాను. అందులో నాకు ఫస్టు క్లాసు.

మంజూరు పత్రం నేనే టైపు చేసుకుని, యేసురత్నం బల్ల దగ్గరికి నేనే వెళ్ళాను. కొత్త బెల్టు, వాడి పేరునే, ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేదు అని చెప్పాను. ఎవరు ఆర్డరిచ్చారని అడిగాడు. నేనే ఇవ్వొచ్చట అన్నాను. వాడు పత్రం అందుకుని, నిబంధన నంబరు ఉన్న చోట వేలు పెట్టి నిదానంగా చదివాడు.

"అంటే, ఆరోజే పెట్టేయొచ్చాండీ సంతకం?"

"పెట్టేయొచ్చు."

వాడు పత్రాన్ని నా వైపు తిప్పి పెన్ను అందించాడు.

"తేదీ కిందటేడు ఆగస్టుది ఎయ్యండి సార్. అప్పటికి రెండూ ఉన్నాయండి."

పాత తేదీ వెయ్యడం నాకు తెలియని విద్య కాదు. అధికారులు చెయ్యని టూర్లకీ, పెట్టని సెలవులకీ, జరగని తనిఖీలకీ ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. పెన్ను పట్టుకుని వాడి ముందు అలాగే నిలబడ్డాను. వాడు నా చెయ్యి వంకే చూస్తున్నాడు. చివరికి ఆగస్టుది కాదు, సంతకం పెడుతున్న రోజు తేదీయే వేశాను.